అరవై మూడు మందికి ఒక్క నంబరు

జిప్పులక్కకు నోరు పెద్దది. ఈ మాట చాటుగా అనేవాళ్ళకంటే మొహం మీద అనేవాళ్ళే ఎక్కువ, ఎందుకంటే ఆమె దానికి నొచ్చుకోదు. పైగా మురిసిపోతుంది. బస్టాండు ప్రహరీ గోడ వెంబడి అరవై మూడు కొట్లున్నాయి. కొట్టంటే గొప్పగా ఊహించుకోకండి, ఒక బల్ల, పైన ఒక పట్టా, అంతే. చెప్పులు కుట్టేవాళ్ళు, తాళంచెవులు చేసేవాళ్ళు, గొడుగులు, గడియారాలు, స్టవ్వులు, మిక్సీలు బాగుచేసేవాళ్ళు అందరూ ఆ గోడకే వీపు ఆనించి బతుకుతున్నారు. ఊళ్ళోవాళ్ళు దాన్ని మరమ్మతుల వీధి అంటారు. టౌను ఆఫీసు కాగితాల్లో మాత్రం దానికి పేరు లేదు, ‘గోడ పక్క ఖాళీ స్థలం’ అని ఉంటుంది. ఆ ఖాళీలో ఇరవై ఏళ్ళుగా కూర్చుని ఉంది జిప్పులక్క.

ఆమె బల్ల మీద పాత బిస్కెట్ల డబ్బా, దాని నిండా జిప్పు లాగే బిళ్ళలు, ఒక పటకారు, ఒక సూదుల పొట్లం, సగం కరిగిన కొవ్వొత్తి ఉంటాయి. ఎవరైనా బ్యాగు తెచ్చి, జిప్పు పోయింది, మొత్తం మార్చేయమంటే ఆమెకు చిర్రెత్తుకొస్తుంది. "జిప్పు ఎక్కడ పోయిందమ్మా, బిళ్ళ వదులైంది. మంచిదాన్ని పీకి పారేయమంటావేంటి?" అని కసిరి, పటకారుతో బిళ్ళను రెండు పక్కలా నొక్కి, పళ్ళ మీద కొవ్వొత్తి రుద్ది, సర్రున లాగి చూపిస్తుంది. ఇంత చిన్న పనికి ఇంతసేపు తిట్లు తిన్నామా అనుకుంటూ జనం వెళ్ళిపోతారు. మళ్ళీ వస్తారు కూడా. ఇంట్లో ఆమె భర్త నోరు విప్పడు. మాట్లాడే పని మొత్తం పెళ్ళైన మర్నాడే భార్యకు అప్పగించేశాడని కోడలు నవ్వుతూ ఉంటుంది.

వీధిలో మొట్టమొదట ఫోను కొన్నది జిప్పులక్కే. పదిహేనేళ్ళ కిందటి మాట. అప్పటినుంచి ఆ నంబరు మారలేదు. తక్కినవాళ్ళకు తర్వాత తర్వాత ఫోనులొచ్చాయి గానీ నిలకడ లేదు. ఈ నెల ఒక సిమ్ము, పై నెల ఇంకొకటి. ఫోను పగిలితే బాగుచేయించే దాకా నంబరుండదు, అసలు ఫోనే లేనివాళ్ళు ఇప్పటికీ పందొమ్మిది మంది. అందుకని ఎక్కడికెళ్ళినా, ఏ కాగితం నింపినా, నంబరు చెప్పమంటే అందరి నోటా ఒకటే నంబరు. పిల్లల బడిలో అదే. గ్యాసు కంపెనీలో అదే. ఆసుపత్రిలో రక్తపరీక్ష రిపోర్టుకూ అదే. ఒకసారి బడి నుంచి ఒకేరోజు పదకొండు మంది తల్లిదండ్రులను రమ్మని పదకొండు ఫోన్లొస్తే, పదకొండుసార్లూ "ఆఁ, చెప్పండి టీచరు గారూ" అన్నది ఈవిడే. టీచరుకు చివరికి అనుమానం వచ్చి, మీకెంతమంది పిల్లలమ్మా అని అడిగింది.

ఇక ఓటీపీల సంగతి చెప్పనక్కర్లేదు. ఫోను టింగుమనగానే కళ్ళజోడు సర్దుకుని, గొంతెత్తి, వీధి ఈ చివర నుంచి ఆ చివరకు వినిపించేలా అరుస్తుంది. "తాళాల తమ్ముడూ! నాలుగు, రెండు, తొమ్మిది, తొమ్మిది, సున్నా, ఒకటి!" ఎవరికీ చెప్పకూడదని ఆ మెసేజీలోనే రాసుంటుంది. వీధంతా వింటుంది. బస్సు కోసం నిలబడ్డవాళ్ళు కూడా వింటారు. పదిహేనేళ్ళలో ఒక్క పైసా పోలేదు, మా దగ్గర పోవడానికేముందని ఆమె ధైర్యం.

వీధికి ఒక సంఘం ఉంది. గడియారాల మామ దానికి అధ్యక్షుడు. ఇదివరకు ఏదైనా మాట్లాడుకోవాలంటే స్టవ్వులాయన ఇనప పళ్ళెం మీద సుత్తితో నాలుగు దెబ్బలు కొట్టేవాడు, అందరూ పని ఆపి వచ్చేవాళ్ళు. రెండేళ్ళ కిందట మామ కూతురు వాట్సాప్ గ్రూపు పెట్టించింది. ఇంక పళ్ళెం మోగలేదు. గ్రూపులో పొద్దున్నే మామ గులాబీపూలు పంపుతాడు, దానికి ముప్ఫై నమస్కారాలు, ఆపైన ఎవరి మనవరాలి ఫొటోనో, దానికి ఇంకో ముప్ఫై. ఆ పూలకిందే ఒకరోజు టౌను ఆఫీసు నోటీసు వచ్చి పడింది. గోడ పక్క స్థలంలో కార్ల పార్కింగు కడతారట. అభ్యంతరాలుంటే ముప్ఫై రోజుల్లో టౌను ఆఫీసు యాప్‌లో చెప్పాలట. కాగితం మీద రాసిస్తే తీసుకోరట. దాన్ని చూసినవాడు లేడు. ఇరవై రెండో రోజున, సంచీ జిప్పు వేయించుకోవడానికొచ్చిన ఒకమ్మాయి చల్లగా అడిగింది.

"ఇక్కడ తీసేస్తే మళ్ళీ ఎక్కడ పెడతారు ఆంటీ? మా కాలనీ గ్రూపులో లింకు తిరుగుతోంది. పార్కింగు కావాలని నొక్కమన్నారు. మా నాన్న నొక్కేశాడు."

జిప్పులక్క పటకారు బల్ల మీద పడేసి నేరుగా స్టవ్వులాయన దగ్గరకెళ్ళింది. రెండేళ్ళ తర్వాత ఆ రోజు పళ్ళెం మోగింది.

తర్వాతి వారం రోజులూ వీధిలో పని సగమే జరిగింది. కోడలు జిరాక్సు షాపులో మధ్యాహ్నం దాకా పనిచేసి, తిన్నగా అత్త బల్ల దగ్గరకొచ్చి స్టూలు మీద కూర్చునేది. రోజుకు పదిమంది చొప్పున వరసగా వచ్చి తమ సంగతి చెబితే, యాప్‌లో ఒక్కొక్కరి పేరు, కొట్టు ఫొటో, అభ్యంతరం ఎక్కించేది. జిప్పులక్కదే మొదటిది. తర్వాత తాళాల తమ్ముడిది. నంబరు గడి దగ్గర కోడలు ఆగింది.

"అత్తయ్యా, దీనికీ మీ నంబరేనా? ఒక్కొక్కరికి వేరేది పెడితే మంచిదేమో."

"వాళ్ళ నంబర్లు రేపటికుంటాయో లేదో ఎవరికి తెలుసు? ఆఫీసువాడు ఫోను చేస్తే మాట్లాడాల్సింది ఎవరు, నేనే కదా. రాయి నాదే."

కోడలు రాసింది. టింగుమంది. జిప్పులక్క కోడ్ చదివింది. మీ అభిప్రాయం నమోదైంది, రసీదు నంబరు ఫలానా, అని ఇంకో టింగు. అలా అరవై మూడుసార్లు. ప్రతి టింగుకూ ఆమె ఛాతీ కొంచెం పొంగేది. అందరికంటే చివర వచ్చింది గొడుగుల తాత. ఆయన కొట్టు వీధి కుళాయి పక్కన. ఏం రాయమంటావు తాతా అంటే, ఆ కుళాయి కారి కారి నా గొడుగులన్నీ తుప్పు పడుతున్నాయి, అది రాయి అన్నాడు. అది కాదు తాతా, పార్కింగు గురించి అంటే, "పార్కింగు గురించి అరవైరెండు మంది చెప్పారుగా. కుళాయి గురించి ఒక్కడైనా చెప్పాడా?" అని నిలదీశాడు. ఆయన సంగతి ఆయనిష్టం, రాసేయమంది జిప్పులక్క.

అది పంపిన మూడో రోజున టౌను ఆఫీసు మనిషి వచ్చి కుళాయి బాగుచేసి వెళ్ళాడు. వీధి వీధంతా సంబరపడిపోయింది. అదిగో, విన్నారు, యాప్ అంటే ఏమో అనుకున్నాం గానీ పనిచేస్తోందే అని గడియారాల మామ గ్రూపులో ఆ రోజు గులాబీలు రెట్టింపు పంపాడు. తాతకైతే కాళ్ళు నేలమీద ఆనలేదు.

గడువు ముగిశాక అభ్యంతరాల విచారణ పెట్టారు, టౌను ఆఫీసు రెండో అంతస్తులో, మధ్యాహ్నం రెండింటికి. అరవై మూడు మందీ ఉతికిన బట్టలు కట్టుకుని వెళ్ళారు. తలుపు దగ్గర కాపలా మనిషి చేతిలో జాబితా పెట్టుకుని, పేరున్నవాళ్ళే లోపలికన్నాడు. మరమ్మతుల వీధి నుంచి ఒక్క పేరే ఉంది, ఫోను నంబరు గల జిప్పులక్కది. ఇదేదో తప్పు, లోపలికెళ్ళి నేను తేలుస్తా, ఇక్కడే ఉండండి అని జిప్పులక్క ఒక్కతే వెళ్ళింది.

లోపల చల్లగా ఉంది. గోడ మీద పెద్ద తెర. ముందు వరసలో కాలనీ సంఘం కార్యదర్శి, ఆయనతో ఇంకో ఎనిమిది మంది. బల్ల వెనక టౌను ఆఫీసరు మేడం, ఆమె పక్కన కంప్యూటరు గుమాస్తా. తెర మీద రెండే వరసలున్నాయి. పార్కింగుకు అనుకూలం, పద్దెనిమిది వందల నలభై ఆరు. అభ్యంతరం, ఒకటి. దాని పక్కన, ‘కుళాయి కారుతోంది. పరిష్కరించబడింది.’

"ఒకటేంటి బాబూ?" అంది జిప్పులక్క గుమాస్తాతో.

"మీ నంబరు నుంచి వచ్చింది ఒకటే ఉందమ్మా. ఒక నంబరంటే ఒక మనిషి. అదే నంబరు మీద కొత్తది పంపితే పాతది పోయి, కొత్తది నిలుస్తుంది. చివరగా పంపింది కుళాయి గురించి. అది చేయించేశాం కదా."

అప్పుడు అర్థమైంది జిప్పులక్కకు. తన అభ్యంతరాన్ని తాళాల తమ్ముడిది మింగేసింది. అతనిది పక్కవాడిది మింగేసింది. టింగు టింగుమని ఫోను మోగిన ప్రతిసారీ ఒక మనిషి చెరిగిపోతుంటే, తాను గొంతెత్తి అంకెలు చదువుతూ పొంగిపోయింది. కోడలు అడిగింది కూడా. నాదే రాయమన్నది తనే. ఇందులో వేరెవరి మీదా తోయడానికి లేదు.

"మీకు మూడు నిమిషాలు ఇస్తాం, చెప్పండి," అంది మేడం.

 జిప్పులక్క వెనక్కి తిరిగి, తలుపు తెరిచి, మెట్ల దాకా నిండిపోయి నిలబడ్డ వీధి మొత్తానికి జరిగింది జరిగినట్టు చెప్పేసింది. తప్పు నాదే అని కూడా అంది. ఆ మాట ఆమె నోట ఎన్నడూ వినలేదు గనక మొదట ఎవరికీ ఎక్కలేదు.

"అంటే మేం లేనట్టేనా అక్కా?" అన్నాడు తాళాల తమ్ముడు.

బట్టలు కుట్టే వదిన ముందుకొచ్చింది. "పదిహేనేళ్ళు నీ నోటితోనే మాట్లాడాం. ఈ ఒక్కసారి మా నోటితో మేం చెప్పుకుందామంటే, అదీ నీ పేరులోకే పోయిందా వదినా?"

  గడియారాల మామ మధ్యలో దూరి, తిట్టుకోవడాలు కిందికెళ్ళాక పెట్టుకుందాం, ముందు దీని సంగతి చూడండన్నాడు. అప్పుడు కోడలు అత్త చేతిలోంచి ఫోను లాక్కుని మెసేజీలు తెరిచింది. తుడిపేయమని ఎన్నిసార్లు చెప్పినా అత్తకు ఆ పని చేతకాలేదు. రసీదులు అరవై మూడూ వరసగా ఉన్నాయి, ఒక్కొక్కటి ఏ రోజు, ఏ గంటకు వచ్చిందో సహా.

జిప్పులక్క ఫోను పట్టుకుని లోపలికి తిరిగెళ్ళింది. ఈసారి తలుపు మూయలేదు.

"నా మూడు నిమిషాలు మొదలుపెట్టుకోండి. మొదటి రసీదు నాది, అది పక్కన పెట్టండి. రెండోది తాళాల తమ్ముడిది." అంకెలు చదివింది, వీధిలో చదివినట్టే, అదే గొంతుతో. గోడలు అదిరాయి. తలుపు దగ్గర నుంచి తాళాల తమ్ముడు చెయ్యెత్తి, నేనే అన్నాడు. మూడోది చదివింది. బట్టల వదిన మొహం ముడుచుకునే, నేనే అంది.

ముందు వరసలోంచి కార్యదర్శి లేచాడు. "మేడం, ఇది మోసం. ఒకే నంబరు నుంచి అరవై పంపడమేంటి? ఇలాంటివి జరక్కుండానే కదా ఈ నియమం పెట్టింది."

"మీ ఇంట్లో ఎంతమందండీ?" అడిగింది జిప్పులక్క.

"నలుగురం."

"ఫోనులెన్ని?"

ఆయన మేడం వైపు తిరిగాడు.

"నాలుగుంటాయి. నలుగురూ నొక్కుంటారు, నాలుగు లెక్కకొచ్చాయి. మంచిదే. మా అరవై మూడు మందిలో పందొమ్మిది మందికి ఫోనే లేదు. అయితే వాళ్ళు మనుషులు కారా? అభ్యంతరం చెప్పేది మనిషా, ఫోనా? వాళ్ళంతా ఇక్కడే ఉన్నారు. మోసమంటున్నారు కదా, వచ్చి లెక్కపెట్టుకోండి."

మేడం ఆ మాటను పట్టించుకోనట్టే ఉంది. మూడు నిమిషాలు అయిపోయాయని గంట నొక్కింది. కావాలంటే పై ఆఫీసుకు కొత్తగా అర్జీ పెట్టుకోవచ్చు, ఇక్కడికి ముగిద్దాం అంది.

"నావి అయిపోయాయి. ఇప్పుడు స్టవ్వులాయన మూడు నిమిషాలు," అని నాలుగో రసీదు చదివింది. కాపలా మనిషి దగ్గరకొచ్చాడు. "చెయ్యి వేశావంటే ఊరుకోను నాయనా. నీ బ్యాగు జిప్పు నేనే వేశాను, నాకు గుర్తే." అతను సిగ్గుపడి అక్కడే ఆగిపోయాడు. ఆమె ఐదోది చదివింది. ఆరోది చదివింది. ప్రతి అంకెకూ తలుపు దగ్గర ఒక చెయ్యి లేచింది. పదకొండో రసీదు దగ్గర గుమాస్తా, ఎవరూ చెప్పకుండానే, ఆ అంకెలు కంప్యూటరులో కొట్టి చూశాడు.

"మేడం, ఇది ఉంది. విషయం చెరిగిపోయింది గానీ, వచ్చినట్టు తేదీ ఉంది. గడువులోపలే వచ్చింది."

మేడం కళ్ళజోడు తీసి తుడుచుకుంది. కార్యదర్శి ఏదో అనబోతే చేత్తో ఆపింది. గడువులోపల వచ్చినది ఏదైనా వినాల్సిందే, నియమం అది కూడా చెబుతుంది అంది. ఆ మాట ఆవిడకు ఇష్టమై అందో కష్టమై అందో తెలీదు గానీ, అంది. ఒక్కొక్కదానికీ విడివిడిగా రాతపూర్వకంగా జవాబివ్వాలి, ఇచ్చేవరకూ ఆ గోడ పక్క నుంచి ఎవర్నీ కదిలించడానికి వీల్లేదు అని గుమాస్తా చేత రాయించింది.

అక్కడ ఇంకో చిక్కు వచ్చింది. జిప్పులక్క నంబరు మీద ఉన్నవాళ్ళను వేరుచేయాలంటే, ఈ నంబరు నాది మాత్రమే, తక్కిన అరవైరెండు మందికీ దీనితో సంబంధం లేదు అని ఆమె రాసి సంతకం చేయాలి. కాగితం ఆమె ముందు పెట్టారు. బడి నుంచి, ఆసుపత్రి నుంచి, ఎక్కడెక్కడినుంచో పదిహేనేళ్ళు అందరూ తనకే ఫోను చేశారు. ఎవరికి ఏ జబ్బో, ఎవరి పిల్లాడికి ఎన్ని మార్కులో ముందు తెలిసేది తనకే. ఆ పెద్దరికం ఆమెకు చాలా ఇష్టం, అది లేకుండా వీధిలో కూర్చోవడం ఎలా ఉంటుందో ఆమె ఊహకు అందలేదు. గట్టిగా నొక్కి సంతకం చేసి, కాగితాన్ని గుమాస్తా వైపు తోసింది.

ఇక ఒక్కొక్కరూ లోపలికొచ్చారు. ఫోనున్నవాళ్ళు సొంత నంబరు చెప్పారు. కొందరికి అది నోటికి రాక, పక్కవాడి చేత తమకే ఫోను చేయించుకుని చూసి చెప్పారు. ఫోను లేని పందొమ్మిది మంది దగ్గర యంత్రం మొండికేసింది. నంబరు గడి ఖాళీగా వదిలితే ఒప్పుకోదన్నాడు గుమాస్తా. ఒప్పుకోకపోతే దాన్ని వదిలేసి కాగితం తీయండి, మనిషి ఎదురుగా ఉన్నాడు కదా అని తలుపు దగ్గర నుంచి నలుగురైదుగురు ఒకేసారి అన్నారు. అందులో అందరికంటే గట్టిగా వినిపించింది బట్టల వదిన గొంతు. కాగితాలు తెప్పించారు. గొడుగుల తాత వచ్చి, కుళాయి బాగైంది, సంతోషం, ఇప్పుడు పార్కింగు గురించి చెబుతా అని మూడు నిమిషాలకు ఏడు నిమిషాలు మాట్లాడాడు. కార్యదర్శితో వచ్చిన ఎనిమిది మందిలో ఆరుగురు అప్పటికే లేచి వెళ్ళిపోయారు. ఆయన మాత్రం చేతులు కట్టుకుని చివరిదాకా కూర్చున్నాడు.

ఆరవుతుండగా అరవైరెండో మనిషి సంతకం పెట్టి బయటికి వెళ్ళాడు. జిప్పులక్క ఇంకా నిలబడే ఉంది. మేడం తల ఎత్తింది.

"మీది మిగిలింది. ఇప్పుడు మీ అభ్యంతరం చెప్పండి."

జిప్పులక్క నోరు తెరిచింది.  అందరి అంకెలూ, అందరి అవసరాలూ అరిచి చెప్పిన గొంతు, తనదంటూ అడిగేసరికి ఏం చెప్పాలో తెలియక తడబడింది. అరవైరెండు మంది అరవైరెండు కారణాలు చెప్పి వెళ్ళారు. మళ్ళీ వాటిలోంచి ఏరుకోవాలనిపించలేదు. గుమాస్తా వేళ్ళు మీటల మీద పెట్టుకుని ఎదురుచూస్తున్నాడు.  కోపం కాళ్ళ దగ్గర నుంచి మొదలై పైకొచ్చింది.

"నేను లేవను. రాయండి."

గుమాస్తా రాశాడు. "కారణం గడి ఉందమ్మా. అందులో ఏం రాయమంటారు?"

"ఇరవై ఏళ్ళ నుంచి కూర్చున్నదాన్ని. కూర్చున్నందుకు నన్ను కారణం అడుగుతారేంటి బాబూ? లేవమన్నవాళ్ళు పద్దెనిమిది వందల మంది ఉన్నారు కదా. ఎందుకు లేవాలో వాళ్ళను చెప్పమనండి. ఆ గడి వాళ్ళకు పెట్టండి."

గుమాస్తా మేడం వైపు చూశాడు. ఆమె చెప్పింది చెప్పినట్టు రాయండి అంది మేడం. అతను రాశాడు. జిప్పులక్క కళ్ళజోడు సర్దుకుని, తెర మీద తన మాటలను ఒక్కొక్కటే కూడబలుక్కుని చదివి, కింద తన నంబరు వేయించింది.